చెకుముకి పెచ్చు

కడప జిల్లా వేంపల్లె చుట్టుపక్కల గట్లెక్కితే బూడిదరంగు డోలమైటు బండల్లో నల్లటి, గోధుమరంగు చారలు కనిపిస్తాయి. వానకు డోలమైటు కొద్దికొద్దిగా కరిగి లోపలికి తగ్గిపోతుంది. చారలు కరగవు. అంచులు పైకి తేలి, చెయ్యి ఆనిస్తే గుచ్చుకుంటాయి. ఆ చారలే చెర్ట్. అగ్గిపెట్టెలు రాకముందు మన పెద్దవాళ్లు ఉక్కుముక్కతో కొట్టి దూదికి నిప్పు అంటించుకున్న చెకుముకి రాయి ఈ జాతిదే. సిమెంటు గనిలో ఇది అడ్డంపడితే విసుక్కుంటారు. పొలంలో నాగలికి తగిలితే గట్టు మీదికి విసిరేస్తారు. రాయలసీమ మనిషి చరిత్రలో ఒక పొడవైన అధ్యాయం మాత్రం ఈ రాతి మీదే ఉంది.

చెర్ట్ అంటే పలుగురాయికి తోబుట్టువే. రెండూ సిలికాయే. పలుగురాయిలో స్ఫటికాలు కంటికి ఆనుతాయి, చెర్ట్‌లో మైక్రోస్కోపు పెడితే తప్ప కనబడనంత సన్నగా, ఏ దిశా లేకుండా అల్లుకుపోయి ఉంటాయి. చాకుమొనతో గీస్తే గీత పడేది రాతి మీద కాదు, చాకు మీద.

ఇప్పటి సముద్రాల్లో డయాటములు, రేడియోలేరియాలు అనే సూక్ష్మజీవులు, స్పాంజీలు నీళ్లలోని సిలికాను లాగేసుకుని ఒళ్లు కట్టుకుంటాయి. అవి చచ్చి అడుగున పేరుకుంటే చెర్ట్ అవుతుంది. ఇంగ్లండు సుద్దకొండల్లోని ఫ్లింటుకు స్పాంజీలే ఆధారం. వేంపల్లె సంగతి వేరు. ఆ రాతిపొరలకు పైన ఉన్న తాడిపత్రి పొరల్లోకి, పులివెందుల దగ్గర చొచ్చుకొచ్చిన అగ్నిశిల వయసే సుమారు 188 కోట్ల సంవత్సరాలు. వేంపల్లె రాయి అంతకన్నా ముసలిది. అప్పటికి సిలికాను తినే జీవులేవీ లేవు. తినేవాళ్లు లేక సముద్రపు నీళ్లలో అది మెండుగా ఉండేది. లోతులేని తీరాల్లో సున్నపు బురద మీద పరుచుకున్న సూక్ష్మజీవుల చాపల్లోకి ఇంకి, సున్నాన్ని తోసేసి ఆ చోటు తనది చేసుకుంది. ఆ చాపలు పొరలుపొరలుగా కట్టినవే స్ట్రోమటోలైట్లు. 1978లో విలియం షాఫ్, కె.ఎన్. ప్రసాద్ వేంపల్లె స్ట్రోమటోలైట్లలో సూక్ష్మజీవుల శిలాజాలను వెల్లడించారు.

తర్వాత వచ్చిన సముద్రాలు ఆ చారలను కొట్టి గులకరాళ్లు చేశాయి. పులివెందుల క్వార్ట్‌జైటు అడుగున, వజ్రాల కోసం శతాబ్దాల తరబడి తవ్విన బనగానపల్లె కాంగ్లామరేటులో (గులకలు అతుక్కుని గట్టిపడిన రాతిలో) ఆ గులకలు ఉన్నాయి. అవి మళ్లీ విడిపడి వంకల్లోకి, ఏళ్లలోకి చేరాయి. అంటే రాతియుగపు మనిషికి ఈ రాయి దొరికే దారులు ఒకటికి మించి ఉన్నాయి: గట్టులోని చార, పాత కాంగ్లామరేటు, ఏటి ఒడ్డు. ఎక్కడ ఏరుకున్నాడో చెప్పేది రాతి పైతోలు. చారలోంచి తీసిన ముక్కకు సున్నం అంటుకున్న గరుకు తోలు ఉంటుంది. ఏటిలో దొర్లింది నున్నగా, చిన్నచిన్న దెబ్బల గుర్తులతో ఉంటుంది. పైతోలు మిగిలిన పెచ్చు చాలా చిన్నదైనా పారేయకూడదని పురావస్తు శాస్త్రజ్ఞులు పట్టుబట్టేది అందుకే.

ఇక కొట్టడం. చెర్ట్ పగిలితే సోడాబుడ్డి అడుగు పగిలినట్టు వంపు తిరిగిన నునుపు పగులు వస్తుంది. ఆ వంపు మన చేతిలో ఉంటుంది. ముందు రాతికి ఒక చదునైన అంచు సిద్ధం చేసుకోవాలి. ఆ అంచుకీ కింది ముఖానికీ మధ్య కోణం లంబకోణం కన్నా తక్కువ ఉండాలి, లేకపోతే దెబ్బ రాతిలోపలే చస్తుంది. గుండ్రాయితో అంచుకు కాస్త లోపలగా కొడితే కింది నుంచి పెచ్చు లేస్తుంది. దాన్ని తిప్పి చూడండి. దెబ్బ పడినచోట చిన్న బొడిపె, దాని చుట్టూ అలలు, వెనకవైపు అంతకుముందు లేచిన పెచ్చుల గుంటలు. ఆ గుంటలు ఒకదాన్నొకటి ఎలా కోసుకున్నాయో చూస్తే ఏ దెబ్బ ముందు, ఏది తర్వాత అన్నది తేలిపోతుంది. రాయి కొట్టిన వరస రాతిలోనే ఉంది. గుడిసె, తోలు, కర్ర అన్నీ మట్టిలో కలిసిపోయినా ఇది పోలేదు. నాకు చెక్కి ముగించిన అందమైన పనిముట్టు కన్నా చుట్టూ పడిన పెచ్చులే ఎక్కువ విలువైనవిగా తోస్తాయి. పనిముట్టును మనిషి వెంట తీసుకుపోతాడు, పెచ్చులు పని జరిగిన చోటే ఉండిపోతాయి.

ఆ పెచ్చులను పేర్చే ఓపికను బట్టి ఫలితం ఉంటుంది. ఒకదానికొకటి అతికిస్తూ పోతే అసలు రాయి మళ్లీ నిలబడుతుంది. మధ్యలో ఖాళీ మిగిలిందంటే ఆ ముక్క ఊరు దాటిందన్నమాట. నిప్పులో పడిన చెర్ట్‌కు రంగు మారి, పైన గిన్నెల్లాంటి గుంటలు పడతాయి. అది చివరిసారి ఎప్పుడు కాలిందో థర్మోల్యుమినిసెన్స్ పద్ధతి చెబుతుంది. అదుపుగా కాస్తే కొన్ని రకాల చెర్ట్ మరింత తేలిగ్గా చెక్కడానికి లొంగుతుంది. దక్షిణాఫ్రికాలో మనుషులు డెబ్బై వేల ఏళ్ల కిందటే రాళ్లను అలా కాచారు.

ఇవన్నీ మన దగ్గర ఎక్కడ పనికొస్తాయంటే జుర్రేరు లోయ చూడాలి. బనగానపల్లె దగ్గరి జ్వాలాపురం, 2022 నుంచి నంద్యాల జిల్లా. 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలి ఎగజిమ్మిన బూడిద ఇక్కడ పొరగా పడి ఉంది. ఊరివాళ్లు ఆ బూడిదను అమ్మకానికి తవ్విన గుంతల్లోనే పొరలు బయటపడ్డాయి. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కొరిశెట్టర్ బృందం బూడిదకు కిందా పైనా ఒకే తీరు రాతి పనిముట్లు ఉన్నాయని 2007లో ప్రకటించింది. అంత ఉత్పాతం తర్వాత కూడా ఈ లోయలో రాయి కొట్టే చెయ్యి ఆగలేదని వాళ్ల వాదన. ఆ చెయ్యి మన జాతి మనిషిదా, అంతకుముందు వారిదా అన్న చర్చ సాగుతూనే ఉంది.

లోయలోని పాత పనిముట్లలో అక్కడే దొరికే సున్నపురాయి పాలు ఎక్కువ. అక్కడి రాతి చాటున 35 వేల ఏళ్ల నాటి నుంచి సూక్ష్మరాతి పనిముట్లు మొదలవుతాయి. గోరంత వెడల్పు పలకలు, ఒక అంచు కావాలని మొద్దు చేసినవి. ఆ అంచును కర్రకో ఎముకకో బంకతో అతికించి అమ్ము చేస్తారు, ముక్క విరిగితే అదొక్కటే మారుస్తారు. ఇంత సన్నపని సున్నపురాయితో కుదరదని కాదు, కానీ చెర్ట్, అదే సిలికా జాతి చాల్సెడోనీ, స్ఫటికం పాలు పెరిగిపోయిందంటే కొట్టేవాడు రాయిని ఎంచుకుంటున్నాడు, దానికోసం నడుస్తున్నాడు.  

ఎంత నడిచాడన్నది ఇంకా తేల్చాల్సిన లెక్క. సింధ్ ప్రాంతంలోని రోహ్రి కొండల చెర్ట్ హరప్పా కాలంలో గుజరాత్ దాకా ఎలా చేరిందో గుర్తించగలిగారంటే ఆ రాతిపొరలను ముందు క్షుణ్ణంగా తెలుసుకున్నారు కాబట్టి. మనకు 1872లోనే విలియం కింగ్ కడప, కర్నూలు రాతిపొరల మీద పెద్ద గ్రంథం రాశాడు, పటం ఉంది. కావలసింది వేంపల్లె చారల నుంచి కుందూ, పాపఘ్ని ఒడ్డు గులకల దాకా చోటు చోటు నుంచి ముక్కలు తీసి, వాటిలో లేశమాత్రంగా ఉండే మూలకాలను కొలిచి, తవ్వకాల్లో దొరికిన పెచ్చులతో పోల్చడం. ఒకే గట్టులో ఒక చారకీ ఇంకో చారకీ తేడా ఉంటుంది గనుక పది ముక్కలతో అయ్యే పని కాదు. గనులు, రోడ్లు ఆ గట్లను కంకర చేసేలోగా అయితేనే అయ్యే పని. పొలంలో ఇలాంటి పెచ్చు కనబడితే జేబులో వేసుకోకుండా, పక్కన పెన్నో రూపాయి బిళ్లో పెట్టి ఫొటో తీసి, సర్వే నంబరుతో సహా పురావస్తు శాఖకు పంపండి. చోటు తెలియని పెచ్చుతో ఈ లెక్కలో ఒక్క అంకె కూడా వేయలేం.