కర్ర కన్నా ముందు కాలు

మా గోనెగండ్ల, ఎమ్మిగనూరు, ఆదోని పక్క సాము అనగానే పీర్ల పండుగే గుర్తొస్తుంది. డప్పులు మోగుతుంటే కుర్రాళ్లు కట్టెలు తిప్పుతారు. ఈలలన్నీ కట్టె గిరగిరా తిప్పేవాడికే. నా కళ్లు మాత్రం కాళ్ల మీదే ఉంటాయి. చెయ్యి తిరిగిన సాముకాడి ముందుకాలు నేలను రాసుకుంటూ జరుగుతుంది. నడుము తిరిగాకే చెయ్యి కదులుతుంది. ఎదుటివాడి దెబ్బ దిగేసరికి ఆయన పక్కకు ఒక్క అడుగు వేసి ఉంటాడు, అంతే! ఆ అడుగును ఎంత పొగిడినా నాకు తనివి తీరదు.

ఈ విద్య పాళెగాళ్ల నాటిదంటారు కొందరు, ఇంకా పాతదంటారు కొందరు. ఎవరి మాట వాళ్లది. కర్ర మాత్రం ముదురు వెదురై ఉండాలి, నిలబెడితే కనుబొమల దాకా రావాలి.

ఇక బలం మాటకొస్తే, మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు ఊపిరి బిగించి ఛాతీకి చుట్టిన గొలుసు తెంపేవాడు, ఏనుగును రొమ్ము మీద ఎక్కించుకునేవాడు. ఆ మహానుభావుడికి దండం పెట్టాల్సిందే. కానీ ఆ బలం కోటికొకరిది. మామూలు మనుషులకు పనికొచ్చే గురువులు వేరే ఉన్నారు. కేరళలో వడకర మీనాక్షి అమ్మ డెబ్బై దాటాక కూడా చీర బిగించి కళరి బరిలో కర్ర పట్టింది. 2017లో పద్మశ్రీ ఆమెను వెతుక్కుంటూ వచ్చింది. అయిదడుగులు కూడా లేని ఎడిత్ గారడ్ వందేళ్ల కిందట లండన్‌లో, ఓటు హక్కు కోసం పోరాడే ఆడవాళ్లకు జుజుత్సు నేర్పి పోలీసులకు ఎదురు నిలిపింది.

మన దగ్గర సుగ్గికి, అంటే వలస కూలికి, గుంటూరు మిరపచేలకు పోయే ఆడవాళ్లకు కావలసింది ఇలాంటి ఒడుపే. బస్టాండులో ఎవడో మణికట్టు పట్టుకున్నాడనుకోండి. వెనక్కి గుంజుకుంటే అది బలాల పోటీ, అందులో వాడిదే గెలుపు. వాడి బొటనవేలూ మిగతా వేళ్లూ కలిసే చోట సందు ఉంటుంది. మీ చేతి అంచును ఆ సందు వైపు తిప్పి, ఒక అడుగు వాడి వైపే వేసి, మోచెయ్యి మడిచి ఒక్కసారిగా లాగాలి. నాలుగువేళ్ల బలం ఒక్క బొటనవేలికి ఉండదు కదా. జుట్టు పట్టుకుంటే ముందు వాడి చేతిని రెండు చేతులతో తలకే అదిమిపెట్టాలి. నొప్పి తగ్గుతుంది, తిరగడానికి వీలవుతుంది. ఇదంతా గొంతెత్తి అరుస్తూనే చేయాలి. కత్తి తీశాడా, డబ్బు విసిరేసి జనం ఉన్న వైపు పరుగెత్తడమే. కత్తిని వట్టి చేతులతో లాక్కోవడం సినిమాల్లో చూడ్డానికే బాగుంటుంది.

చేతిలో గొడుగు ఉన్నా చాలు. తలపైకెత్తి కొట్టబోతే చంకంతా ఎదుటివాడికి అప్పగించినట్టే. రెండు చేతులా పట్టి కొనతో పొట్టలో పొడవాలి, లేదా మోకాటి కింద ఎముక మీద వేయాలి.

ఇప్పుడు ఎండాకాలం శిబిరాల పేరుతో నడుస్తున్న భాగోతం చూస్తే ఒళ్లు మండుతుంది. డబ్బు కట్టిన కొద్దీ బెల్టు రంగు మారుతుంది. పిల్లలు వరసగా నిలబడి గాలిలో గుద్దుతారు, పెంకులు పగలగొట్టి ఫొటోలు దిగుతారు. పెంకు తిరిగి కొట్టదు! పట్టు విడిపించుకోవడం ఎలాగో అడిగితే గుడ్లప్పగిస్తారు. కరాటేను నేను తిట్టడం లేదు, దాని పేరుతో జరిగే వ్యాపారాన్నే తిడుతున్నాను. సరే, నాకు కర్ర మీద పక్షపాతం ఉందనుకోండి, ఉంది.

దేవరగట్టును చూపి ఇదే మా సాము అని మురిసేవాళ్లతోనూ నాకు పేచీయే. విజయదశమి రాత్రి అక్కడ మాళమల్లేశ్వరుడి ఉత్సవమూర్తుల కోసం ఊళ్లు రెండు పక్షాలై కర్రలతో తలపడతాయి, ఏటా తలలు పగులుతాయి. భక్తిని నేను కాదనను. కానీ చీకట్లో, గుంపులో, ఎవడి కర్ర ఎవడికి తగులుతుందో తెలియని చోట విద్యకు తావేదీ?

కాచుకో, మించి కొట్టకు అనే సాముకాడి మాటే చట్టం కూడా చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 34వ సెక్షన్ ఆత్మరక్షణను నేరం కాదంది. 37వ సెక్షన్ అవసరానికి మించి గాయపరచవద్దంది. పారిపోతున్నవాణ్ణి తరిమి కొడితే కేసు మన మీదికే వస్తుంది.

మన పల్లెల్లో ఈ పట్లు తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు, కూలికి పోతూ ఉన్నారు. పండుగనాడు శాలువా కప్పి పంపేస్తున్నాం. హైస్కూలు మైదానంలో పీఈటీ మాస్టరు పక్కన వాళ్లనూ నిలబెట్టండి, ముందు ఆడపిల్లల తరగతులకు పంపండి, నెలనెలా జీతం ఇవ్వండి.