తూకం ఒక్కటే

వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చిన రైతు మొట్టమొదట చూసేది కాంటా వైపు. తీసుకునేటప్పుడు నిండుగా కొలిపించుకొని, ఇచ్చేటప్పుడు తగ్గించేవారిని దివ్యఖుర్‌ఆన్ 83వ సూరా తీవ్రంగా హెచ్చరించింది. ఆ హెచ్చరిక ధాన్యానికీ, పత్తికీ మాత్రమే పరిమితమనుకోవడం పొరపాటు. పరిహాసాన్నీ, దానిపై కలిగే ఆగ్రహాన్నీ తూచే కాంటాకు కూడా అది వర్తిస్తుంది.

2022 ఆగస్టు నాటి సంఘటనలు పాఠకులకు విదితమే. హాస్య ప్రదర్శకులు మునవ్వర్ ఫారూఖీ హిందూ దేవతలను అవమానించారన్న ఆరోపణపై 2021 జనవరి 1న ఇండోర్‌లో అరెస్టయి, సుప్రీంకోర్టు ఫిబ్రవరి 5న మధ్యంతర బెయిలు ఇచ్చేవరకు చెరసాలలోనే గడిపారు. ఆయన ప్రదర్శన 2022 ఆగస్టు 20న హైదరాబాద్ శిల్పకళా వేదికలో పోలీసు బందోబస్తు నడుమ జరిగింది. దానిని జరగనివ్వబోమని బెదిరించిన గోషామహల్ శాసనసభ్యులు టి. రాజాసింగ్, రెండు రోజులకే దైవప్రవక్త ముహమ్మద్ (స) వారిని కించపరిచే వీడియోను విడుదల చేసి, దానికి హాస్యమని పేరు పెట్టారు. పరుల హాస్యం నేరమైనప్పుడు తమ హాస్యం హక్కు ఎట్లా అవుతుంది? ఇది మొదటి దొంగ తూకం.

అదే వారంలో భారతీయ జనతా పార్టీ హనుమకొండ సభకు ఆటంకం రాగా, ఆ పార్టీ హైకోర్టును ఆశ్రయించి అనుమతి పొందింది. ఆగస్టు 27న ఆర్ట్స్ కళాశాల మైదానంలో సభ జరిగింది. జరగవలసినదే. అయితే తమ వేదికకు రక్షణగా నిలిచిన చట్టమే ఫారూఖీ వేదికకు కూడా రక్షణ అని ఒప్పుకున్నప్పుడే ఆ వాదానికి విలువ.

ఇక్కడితో ఆపితే ముస్లిం పాఠకునికి సంతృప్తి కలుగుతుంది. న్యాయం మాత్రం సగమే జరుగుతుంది. 2007 ఆగస్టు 9న హైదరాబాద్ ప్రెస్ క్లబ్‌లో తస్లీమా నస్రీన్ నవల తెలుగు అనువాదం ఆవిష్కరణ సభపై దాడి చేసినవారిలో మజ్లిస్ శాసనసభ్యులున్నారు. ఆమె రచనలు ముస్లింలను నొప్పించాయన్నది నిజమే కావచ్చు. కాని ఒక స్త్రీపైకి పూలగుత్తులూ, కుర్చీలూ విసరడం ఏ ధర్మానికి సేవ? అపహాస్యం జరిగేచోట, వారు వేరే మాటకు మళ్ళేవరకు, కూర్చోవద్దని 4వ సూరా 140వ ఆయత్ బోధిస్తున్నది. లేచి వెళ్ళమన్నదే గాని చేయి ఎత్తమనలేదు.

అసలు పరీక్ష వరంగల్ ముంగిట్లోనే వచ్చింది. 2022 డిసెంబరులో కొడంగల్‌లో నాస్తికవాది బైరి నరేశ్ అయ్యప్పస్వామిపై చేసిన వ్యాఖ్యలు భక్తులను గాయపరిచాయి. ఆయన అరెస్టయ్యారు. 2023 ఫిబ్రవరిలో హనుమకొండలో కొందరు ఆయనపై దాడి చేశారు. ఇతరులు ఆరాధించేవారిని దూషించరాదని 6వ సూరా 108వ ఆయత్ నిషేధించినందున, ఆ మాటలు తగవని ముందుగా చెప్పవలసింది ముస్లిమే. ఆయనను కొట్టడమూ తగదని, అంతే గట్టిగా చెప్పవలసిందీ ముస్లిమే. ఒకటి చెప్పి రెండవది దిగమింగితే కాంటా ఒకవైపు మొగ్గినట్లే.

చట్టాన్ని ఆశ్రయించవద్దని దీని భావం కాదు. లాహోర్‌లో దైవప్రవక్త (స) వారిని అవమానిస్తూ వెలువడిన పుస్తకంపై ఆందోళన చెలరేగిన దరిమిలా, 1927లో శిక్షాస్మృతిలో 295ఎ సెక్షన్ చేరింది. 2024 జూలై నుండి అది భారతీయ న్యాయసంహిత 299వ సెక్షన్‌గా అమలులో ఉంది. ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో చేసిన అవమానాన్నే అది శిక్షిస్తుంది. నొప్పించిన ప్రతి మాటనూ కాదు. ముస్లింల ఫిర్యాదుకు ఈ కొలత ఎంతో, ముస్లింలపై ఫిర్యాదుకూ అంతే.

ఒక జాతి పట్ల గల ద్వేషం న్యాయం తప్పడానికి కారణం కారాదని 5వ సూరా 8వ ఆయత్ ఆదేశం. మిత్రులకు న్యాయం చేయడానికి ఆదేశం అక్కరలేదు. నచ్చని మనిషి దెబ్బలు తిన్ననాడే ఈ ఆయత్‌ను నమ్మినవారెవరో తేలుతుంది.