కన్ను మనది, గుండె ఎవరిది?

2024 జనవరి 10న హైదరాబాదులో నౌకాదళమునకు అందిన ‘దృష్టి-10’ అను మానవరహిత విమానము 36 గంటలు ఎగురగలదు. ఇది మెచ్చదగినదే. కాని దాని మూలరూపమగు ‘హెర్మిస్-900’ ఇజ్రాయెలుది; ఆ హెర్మిసును నడుపు రోటాక్స్ ఇంజను ఆస్ట్రియాలో తయారగును. భాగములను కూర్చుట వేరు, ఇంజనును రూపొందించుట వేరు. 2020లో రోటాక్స్ సరఫరాను దాని కెనడా యాజమాన్యము నిలిపివేయగా, తుర్కీ తన యుద్ధ డ్రోనులకు వేరు ఇంజను వెదకుకొనవలసివచ్చెను. ఐరోపాకును ఈ చిక్కు తప్పలేదు: జర్మనీ, ఫ్రాన్సు, ఇటలీ, స్పెయినులకై 2022లో ఒప్పందము కుదిరిన యూరోడ్రోనుకు ఎంపికైన ఇంజను అమెరికా కంపెనీకి చెందిన ఇటలీ సంస్థది.

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పాఠశాలలలో భౌతికశాస్త్రము బోధించువారు ఈ భేదమును విద్యార్థులకు చూపవలెను. సముద్రతీరమును కాయు కన్నునకు గుండెను మలచువారు ఆ తరగతులనుండియే రావలెను.