వల కన్ను కొలిచిన తరగతి

భావనపాడు బళ్ళో మూడు, నాలుగు తరగతులు కలిపి చెప్పే పంతులమ్మ, గదిలో జరిగింది జరిగినట్టు రాసిపెట్టుకున్న నోటుపుస్తకాలే ఈ పుస్తకమయ్యాయి. పిల్లలు అడిగిన ప్రశ్నలూ, వాటి వెనకాల ఈ అమ్మాయి పడిన పరుగూ ఇందులో ఉన్నాయి. చదువుతుంటే ముచ్చటేసింది. ఒకటి రెండు చోట్ల కాస్త అసూయ కూడా కలిగింది.

వల పాఠం సంగతే చూడండి. చెప్పాల్సింది కొలతలు. బల్ల పొడవు, పలక వెడల్పు పక్కనపెట్టి ఒక పాత వల ముక్క తెప్పించి గది మధ్యలో పరిచింది. కన్ను ఎంతుందో కొలవమంది. ఒక జట్టు కంటికి ఒక పక్కన, ముడి నుంచి ముడికి కొలిచి 2 సెంటీమీటర్లంది. ఇంకో జట్టు కంటిని నిలువునా సాగదీసి, పై ముడి నుంచి కింది ముడికి స్కేలు పెట్టి 4 అంది. తగువు మొదలైంది. ‘మీరు లాగీసినారు, అది తొండి’ అని ఒకడు. ‘మా తాత అలాగే లాగి సూత్తాడు’ అని ఒక పిల్ల. పంతులమ్మకి జవాబు తెలుసో తెలీదో పుస్తకంలో రాయలేదు. తీర్పు మాత్రం ఇవ్వలేదు, ఇళ్ళకెళ్ళి అడిగి రమ్మంది. వల బాగుచేసేవాళ్ళు సాగదీసే కొలుస్తారని మర్నాటికి కబురొచ్చింది. అసలు లెక్క అప్పుడు మొదలైంది. సాగదీస్తే సరిగ్గా రెండింతలే ఎందుకైంది? కంటికి నాలుగు పక్కలు. లాగితే రెండు పక్కలు కొసకి కొస చేరి ఒకే గీతవుతాయి. నల్లబల్ల మీద ఆ బొమ్మ వేసి చూపించినవాడు, ముందురోజు తొండి అన్న కుర్రాడే. అక్కడినుంచి నెత్తళ్ళ వలకీ కోనెం వలకీ తేడా ఏమిటి, కన్ను మరీ చిన్నదైతే పిల్లచేపల గతేమిటి అంటూ మాట సాగింది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట ఎందుకు ఆపుతారో ఆ గదిలో ఎవరూ బట్టీ పట్టనక్కర్లేకపోయింది.

కృత్యాలు మన బళ్ళకి కొత్తవేమీ కాదు. 1984లో బ్రిటన్ సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం, మా తరం నోట ‘అప్పెప్’, ఆరు సూత్రాలు చెప్పింది. ఉపాధ్యాయులే కృత్యాలు తయారుచేసుకోవాలి, పిల్లలు చేసి నేర్చుకోవాలి, ఒంటరిగానూ జట్టుగానూ పనిచేయాలి, ఒక్కొక్కరి తీరుని పట్టించుకోవాలి, ఊరి పరిసరాల్ని వాడుకోవాలి, పిల్లలు చేసినవి గదిలో ప్రదర్శించాలి. వీటికి ఈనాటికీ వంక పెట్టలేం. అయినా చాలాచోట్ల దారానికి వేలాడిన బొమ్మలు తనిఖీ కోసమే వేలాడాయి. కత్తిరించడం, అతికించడం, పాడడం అన్నీ జరుగుతాయి, గంట కొట్టాక ఏం తెలిసిందిరా అంటే దిక్కులు చూస్తారు. పథకాలు మారినా సందడినే చదువనుకునే జబ్బు మాత్రం వదల్లేదు. ఈ పుస్తకంలో సందడి తక్కువ. ప్రతి కృత్యంలోనూ పిల్లలు నిజంగా తేల్చుకోవాల్సిన చిక్కు ఒకటుంది. దీన్ని నేను మెచ్చుకునేది అందుకే.

పటం పాఠంలోనైతే ఆ చిక్కుని పిల్లలే తెచ్చిపెట్టారు. మా జిల్లా తీరం నుంచి ఎందరో మత్స్యకారులు గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళి నెలల తరబడి పడవల మీద పనిచేస్తారు. అలా వెళ్ళి 2018లో పాకిస్తాన్ వాళ్ళకి చిక్కినవారు 2020 జనవరిలో గానీ విడుదల కాలేదు. ‘మనూర్లో సముద్రం ఉంది కదా, మా అయ్య రైలెక్కి ఇంకో సముద్రానికి ఎందుకెల్లాడు?’ అని ఒక పాప అడిగిందట. పంతులమ్మ దేశపటాన్ని నేల మీద సుద్దతో గీయించింది. ఇటు బంగాళాఖాతం, అటు అరేబియా సముద్రం, మధ్యలో నాన్నలు పోయే రైలుదారి. ఎందుకెళ్ళాడన్నదానికి ఆ వయసుకి అర్థమయ్యేంత చెప్పి, ఇంకా ఉందని ఒప్పుకుంది.  

పిల్లల మాటని ఉన్నదున్నట్టు అచ్చువేయడం కొందరికి రుచించకపోవచ్చు. శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉద్యోగం చేసుకుంటూ సవర భాష నేర్చుకుని, సవర పిల్లలకి ఆ భాషలోనే వాచకాలు రాశారు, బళ్ళు పెట్టించారు. ఆయన తిరిగిన నేల మీద నిలబడి నేను అభ్యంతరం చెప్పలేను. పైగా ఈ అమ్మాయి పిల్లల మాట ఒక పుటలో, అదే సంగతి పుస్తకాల తెలుగులో ఎదుటి పుటలో రాయించింది.

లోటు లేదా అంటే ఉంది. తేలినీలాపురం పక్షుల అధ్యాయం తేలిపోయింది. గూడబాతుల్నీ ఎర్రకాళ్ళ కొంగల్నీ చూసొచ్చి బొమ్మలు వేశారు, అంతే. ఆ పక్షులు ఊరి చెట్ల మీదే గూళ్ళు ఎందుకు కడతాయని ఎవరూ అడగలేదు. నౌపడ ఉప్పు మడులు మాటవరసకి వచ్చి వెళ్ళిపోయాయి. ఇక తోటి ఉపాధ్యాయులు ఇది చదివి సీతంపేట కొండబడిలో వల పరుస్తారేమోనని నా భయం. అక్కడ కొండచీపుళ్ళ కట్టలుంటాయి, లెక్కలు వాటితో పెట్టుకోవచ్చు.

నాకు వెలితిగా తోచింది ఇంకొకటుంది. వల కొలిచినప్పుడు స్కేలు పట్టిన కుర్రాడు ఇంకా అక్షరాలు కూడబలుక్కుంటున్నాడని ఒక్క వాక్యం రాసి వదిలేసింది. ఒకే గదిలో రెండు తరగతులతో వేగే మనిషికి అలాంటి పిల్లాడి కోసం విడిగా సమయం దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. మదనపల్లె దగ్గర రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం వాళ్ళు, పిల్లలు ఎవరి మెట్టు మీద వారు కార్డులతో ముందుకెళ్ళే పద్ధతి ఇలాంటి గదుల కోసమే తయారుచేశారు. దాన్ని భావనపాడుకి తగ్గట్టు మార్చుకునే సత్తా ఈ అమ్మాయికి ఉంది. ఆ కుర్రాడు చదవడం ఎలా నేర్చాడో, లేదా ఎక్కడ ఆగిపోయాడో, రెండో ముద్రణలో ఒక అధ్యాయం రాయమని అచ్చులోనే అడుగుతున్నాను.