ఊహాచిత్రంలో ఎవరున్నారు?

కథలో మాట దక్కని మనిషి ఎవరో వెతకడం స్త్రీవాద విమర్శ నాకు నేర్పిన మొదటి పని. నదీతీరాల్లో కట్టబోయే భవనాలను ముందే కట్టేసినట్టు చూపించే ఊహాచిత్రాలను కూడా నేను అలాగే చదువుతాను.

ఏ నగరానివైనా ఇవన్నీ ఒకే రచయిత రాసినట్టుంటాయి. సాయంత్రపు వెలుతురు, అద్దాల మేడలు, నీలంగా మెరిసే నీళ్లు. స్త్రీలూ ఉంటారు. నడుస్తుంటారు, కాఫీ తాగుతుంటారు, పిల్లల్ని ఆడిస్తుంటారు. ఆ కాఫీ కప్పులు కడిగే ఆమె, తెల్లవారుజామున ఆ దారి ఊడ్చే ఆమె మాత్రం కనపడరు. స్త్రీకి విశ్రాంతి దొరికినందుకు సంతోషమే. కానీ ఏ స్త్రీకి? ఎవరి శ్రమ మీద?

మన మూసీనే తీసుకుందాం. హైదరాబాదు దిగువన ఆ మురుగునీటితోనే దశాబ్దాలుగా పశువుల గడ్డి, తోటకూర, పాలకూర పండిస్తున్నారు. ఆకుకూరలు కొయ్యడం, కట్టలు కట్టడం, అమ్మడం - వీటిలో ఆడవాళ్ల చెయ్యే ఎక్కువ. వీళ్లకు నది చూసి ఆనందించే దృశ్యం కాదు, కూడు. 2024 సెప్టెంబరులో చాదర్‌ఘాట్ ప్రాంతంలో ఇళ్ల గోడల మీద అధికారులు ఎర్రరంగుతో 'ఆర్‌బీ-ఎక్స్' అని రాశారు. ఆ ఇల్లు నదీగర్భంలో ఉందని దానర్థం. ఊహాచిత్రం ఒక పాఠమైతే ఈ ఎర్రరాత దాని మొదటి వాక్యం. ఆ వాక్యం వదిలేసి బొమ్మ అందాన్ని ఎలా అంచనా వేస్తాం?

మురికి అలాగే ఉండాలనీ, మునిగే ఇంట్లోనే ఆమె బతకాలనీ నేననడం లేదు. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో ఈ నది వేలమందిని పొట్టన పెట్టుకుంది. వరద భయం నిజం. అయితే ఆ భయం పేరుతో ఆమెని ఖాళీ చేయించి, అదే ఒడ్డున మేడలకు చోటివ్వడం ఏ తర్కం?

అహమ్మదాబాదులో సబర్మతి తీరం పనులు 2005లో మొదలయ్యాయి. ఇప్పుడక్కడ నిండుగా కనిపించే నీళ్లు నర్మదా కాలువవి. వేల కుటుంబాలను ఖాళీ చేయించి చాలామందిని ఊరి అంచులకు పంపారు. నాలుగిళ్లలో పనిచేసుకునే ఆడవాళ్లకు ఇంటికీ పనికీ మధ్య బస్సు చార్జీ వచ్చిపడింది. అక్కడే ఆదివారాలు సాగే గుజ్రీ బజారు వర్తకులు మాత్రం ఊరుకోలేదు. కోర్టుకు వెళ్లారు, నిపుణుల సాయంతో తమ నమూనా తామే గీయించుకున్నారు. 2014లో బజారుకు ఆ తీరంలోనే కొత్త చోటు దక్కింది. గీసిన గీత చెరగనిదేం కాదన్నమాట.

అందుకే నమూనాలను ఎంపిక చేసేవాళ్లు ఎత్తులూ అద్దాలూ చూసేముందు కొన్ని ప్రశ్నలు అడగాలి. ఉతికిన బట్టలు ఎక్కడ ఆరేస్తారు? ఆకుకూరల గంప అద్దె కట్టకుండా ఎక్కడ దించొచ్చు? డబ్బులివ్వకుండా వాడుకోగల మరుగుదొడ్డి ఎన్ని అడుగుల దూరంలో ఉంది? ఖాళీ చేసినవాళ్లకిచ్చే ఇంటి పట్టా ఎవరి పేరు మీద ఉంటుంది? ఆ ఇంటి నుంచి ఆమె పనికి వెళ్లడానికి ఎంతసేపు పడుతుంది?

ఈ ప్రశ్నలు అడగడానికి వాస్తుశిల్పంలో పట్టాలు అక్కర్లేదు. రోజూ ఆ ఒడ్డు మీద గంప దించుకునే ఆమెను ఎంపిక సంఘంలో కూర్చోబెడితే చాలు, మొట్టమొదట ఆమే అడుగుతుంది.