క్యాజువాలిటీలో శబ్దతరంగము

సైకిలుపైనుండి పడి, ఎడమచేతిని కుడిచేతితో ఒడిసిపట్టుకొని, తలను నొప్పియున్న ప్రక్కకే వాల్చి వచ్చు బిడ్డను చూచినంతనే, క్యాజువాలిటీలో కొంతకాలము పనిచేసిన వైద్యునికి జత్రుక, అనగా కాలర్ బోన్, విరిగినదేమోయను శంక కలుగక మానదు. రొమ్ముటెముకకును భుజమునకును నడుమ అడ్డముగా వంపు తిరిగి, చర్మమునకు అంటియున్నట్లే ఉండు ఈ ఎముక, సాధారణముగా నడిమి భాగమున విరుగును. గర్భస్థ శిశువునందు అన్నిటికంటె ముందుగా గట్టిపడ నారంభించు నెముక ఇదియే అయ్యును, 20 ఏండ్లు దాటినగాని దీని ఎదుగుదల పూర్తికాకుండుట నాకెప్పుడును ఆశ్చర్యమే.

ఇట్టి బిడ్డను వెంటనే ఎక్స్‌రే గదికి పంపుట మన అలవాటు. ఆ గది తరచుగా దూరమున నుండును. అచ్చట చేయి కదిలింపవలసి వచ్చును. కొంత కిరణప్రభావమును తప్పదు. అల్ట్రాసౌండ్ యంత్రమో, బిడ్డ కడకే వచ్చును.

తల్లి ఒడిలోనే కూర్చుండనిచ్చి, "చల్లగా ఉంటుంది నాన్నా, నొప్పి పెట్టదు" అని చెప్పి, ముందుగా బాగుగానున్న భుజమును చూపించుట నా పద్ధతి. అందువలన బిడ్డకు భయము తీరును, నాకు పోల్చుకొనుటకు ఆధారము దొరకును. జెల్ దళసరిగా పూసినయెడల ప్రోబు చర్మమును నొక్కనక్కరయే లేదు. తెరపై ఎముక ఉపరితలము ఎడతెగని తెల్లని గీతయై మెరయును, దాని క్రింద నంతయు నీడ. విరిగిన వైపున ఆ గీత హఠాత్తుగా తెగి, ఒక కొన పైకిని ఒక కొన క్రిందికిని జరిగి కనబడును. చుట్టును చేరిన నెత్తురు నల్లగా తోచును. అమెరికాలో 100 మంది పిల్లలను పరీక్షించి 2010లో ప్రకటించిన అధ్యయనమున, విరిగినవానిలో 95 శాతమును ఈ పద్ధతి పట్టుకొన్నది.

లోహములలోని పగుళ్లను వెదకుటకు పరిశ్రమలలో వాడుచుండిన యంత్రమును గ్లాస్గోలో ఇయన్ డోనాల్డ్ రోగుల పరీక్షకు మలచుకొని, 1958లో లాన్సెట్ పత్రికలో తన పరిశీలనలను ప్రకటించెను. ఇనుములోని పగులును పట్టిన విద్య ఎముకలోని పగులునకు ఉపకరించుట ఎంతయు సముచితము. మన పుత్తూరు కట్టువారు తరతరములుగా వ్రేళ్లతో తడిమి విరుపు జాడ తెలిసికొనుచు వచ్చిరి. ఆ స్పర్శజ్ఞానమును నేను తక్కువ చేయజాలను గాని, తడిమినపుడు బిడ్డ పడు యాతనను తప్పించు సాధనము చేతికందినపుడు దానిని విడుచుట న్యాయము కాదు.

అయితే చేతి నాడి, వ్రేళ్ల స్పర్శ, ఊపిరి వీనిని పరీక్షింపక తెరనే చూచుచుండు వైద్యుడు తన ధర్మమును సగమే నెరవేర్చినవాడు. రొమ్ముటెముక చెంత విరిగినచోటను, ఆపరేషను ఆలోచింపవలసినచోటను ఎక్స్‌రేయో, సీటీ స్కానో కావలసినదే.

ఆడబిడ్డల రక్షణకై 1994లో వచ్చిన లింగనిర్ధారణ నిషేధ చట్టము క్రింద ప్రతి అల్ట్రాసౌండ్ యంత్రమును నమోదు కావలెను. ఆ కట్టడిని సడలింపుమని నేను కోరను. నమోదైన యంత్రము స్కానింగు గదిలో తాళము క్రింద నుండగా, క్యాజువాలిటీలో బిడ్డ తెల్లవారువరకు ఏడ్చుచుండుటయే నా బాధ. ఆసుపత్రుల అధికారులారా, చట్టబద్ధముగా నమోదు చేయించిన యంత్రము నొకదానిని క్యాజువాలిటీలోనే ఉంచుడు. రాత్రి డ్యూటీ వైద్యులకు దానిని నేర్పించుడు.