కామ్‌షాఫ్ట్ మార్చాలంటే కొలత తెలియాలి

ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో మెకానికల్ చదివినవాళ్లంతా వాల్వ్ టైమింగ్ డయాగ్రమ్ గీసినవాళ్లే. పిస్టన్ పై అంచుకు చేరకముందే ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకుంటుంది, కింది అంచు దాటి చాలా డిగ్రీలు తిరిగాక గానీ మూసుకోదు. 1929లో మొదలై, 1947లో ఇప్పటి భవనంలోకి వచ్చిన ఆ కాలేజీలో ఇది పరీక్షలో మార్కులు తెచ్చే బొమ్మ. క్యాంపస్ దాటి తార్నాక వైపు వస్తే, షెడ్డులో హెడ్ విప్పి కూర్చున్న మిస్త్రీకి అదే బొమ్మ చేతిపని. ఈ రెండు విద్యలూ ఒక్కచోట కలవాల్సిన పని ఏదైనా ఉందంటే, అది కారు ఇంజన్‌కు, వాల్వ్‌లను తెరిచి మూసే కామ్‌షాఫ్ట్‌ను కంపెనీది కానిది ఎక్కించడమే.

ఇంజన్ 6000 ఆర్‌పీఎంలో తిరుగుతుంటే క్రాంకు సెకనుకు 100 చుట్లు తిరుగుతుంది, కామ్ అందులో సగం. ఇన్‌లెట్ వాల్వ్ 240 డిగ్రీలపాటు తెరిచి ఉంటుందనుకుంటే, గాలీ పెట్రోలూ లోపలికి రావడానికి దొరికే వ్యవధి సెకనులో 150వ వంతు. ఆ కాస్త వ్యవధిని పెంచడానికి, వాల్వ్‌ను ఇంకొంచెం పైకి లేపడానికే వేరే కామ్ వేస్తారు.

మన దగ్గర ఈ పని నేర్చుకోవడానికి మారుతీ 800 ఇంజన్‌ను మించింది లేదు. 796 సీసీ, మూడు సిలిండర్లు, హెడ్‌లోనే ఒకే కామ్. రాకర్లు విప్పి, డిస్ట్రిబ్యూటర్ వైపు నుంచి కామ్‌ను బయటికి లాగేయవచ్చు. కొత్త కామ్ దొరక్కపోతే పాతదాన్నే గ్రైండింగ్ చేయిస్తారు. కామ్ గుండ్రటి అడుగుభాగాన్ని అరగదీసి, వాల్వ్‌ను నెట్టే ముక్కును వదిలేస్తే లిఫ్ట్ (వాల్వ్ లేచే ఎత్తు) పెరుగుతుంది. అడుగుభాగంలో తగ్గిన ఎత్తును రాకర్ స్క్రూతో సరిచేస్తారు. అరగదీత ఎక్కువైతే మాత్రం పైనున్న గట్టి పొర పోయి, కొద్ది రోజుల్లోనే కామ్ అరిగిపోతుంది.

అసలు పనితనమంతా డిగ్రీ కొలవడంలో ఉంది. పుల్లీ మీద చుక్కకు చుక్క కలిపి బెల్ట్ వేసేస్తే సరిపోతుందనుకునేవాళ్లు చాలామంది. కంపెనీ కామ్‌కు సరిపోతుంది, వేరే కామ్‌కు ఆ చుక్కను నమ్మలేం. కామ్ పుల్లీకి 40 పళ్లుంటే, ఒక్క పన్ను తేడా క్రాంకు మీద 18 డిగ్రీలవుతుంది. అందుకే క్రాంకుకు డిగ్రీ చక్రం బిగిస్తారు. పిస్టన్ పై అంచును కంటితో పట్టుకోలేం, ఎందుకంటే అక్కడ క్రాంకు కొన్ని డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలినట్టే ఉండదు. ప్లగ్ రంధ్రంలో ఒక అడ్డు బిగించి, క్రాంకును చేత్తో ఒకవైపు తిప్పుతారు. పిస్టన్ అడ్డుకు తగలగానే డిగ్రీ రాసుకుంటారు. రెండోవైపు తిప్పి మళ్లీ రాసుకుంటారు. ఆ రెండింటికీ సరిగ్గా నడుమ ఉన్నదే నిజమైన పై అంచు. వాల్వ్ మీద డయల్ గేజ్ పెట్టినప్పుడూ ఇదే పద్ధతి: గరిష్ఠ లిఫ్ట్ దగ్గర ముల్లు నిలబడిపోతుంది కాబట్టి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ ముల్లు ఒకే అంకె చూపిన రెండు చోట్లు గుర్తుపెట్టుకుని మధ్యబిందువు తీస్తారు. కామ్‌తో వచ్చిన కార్డు మీద పై అంచు నుంచి 106 డిగ్రీలని ఉంటే, ఆ మధ్యబిందువు 106 దగ్గరికి వచ్చేదాకా సర్దుబాటు పుల్లీని జరుపుతారు. కదలిక ఆగిన చోట కొలత నిలవదు, కదులుతున్న చోటే కొలవాలి. ల్యాబ్‌లో ప్రొఫెసర్ చెప్పినా, షెడ్డులో ఉస్తాద్ చూపించినా, నాకు ఈ పనిలో అన్నిటికన్నా అందంగా కనిపించే తెలివి ఇదే.

తర్వాతిది, వాల్వ్ పిస్టన్‌కు తగలకుండా చూసుకునే బంకమన్ను పరీక్ష. పిస్టన్ మీద మెత్తటి మన్ను పెట్టి, పాత గాస్కెట్‌తో హెడ్ బిగించి, క్రాంకును చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పుతారు. హెడ్ విప్పితే వాల్వ్ నొక్కిన అచ్చు కనిపిస్తుంది. దాన్ని బ్లేడుతో కోసి మందం కొలుస్తారు. ఇన్‌లెట్ దగ్గర 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ దగ్గర రెండున్నర ఉండాలన్నది ట్యూనర్లు పాటించే లెక్క. తిప్పేటప్పుడు ఎక్కడైనా పట్టేసినట్టు అనిపిస్తే బలం పెట్టకూడదు, ఆపి వెతకాలి.

ఇంత శ్రమపడి వేసిన కామ్ తార్నాక–హబ్సిగూడ ట్రాఫిక్‌లో పనికొస్తుందా? రాదనే నా అభిప్రాయం. రెండు వాల్వులూ కలిసి తెరిచి ఉండే సమయం పెరిగేకొద్దీ తక్కువ వేగంలో లాగుడు తగ్గుతుంది, ఐడ్లింగ్ కుదురుగా ఉండదు, కాలని పెట్రోలు పొగలో పోయి పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర చిక్కొస్తుంది. వాహనంలో మార్పులకు సంబంధించిన మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌నూ దృష్టిలో పెట్టుకోవాలి. పెద్ద కామ్‌కు తగిన చోటు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ లాంటిదే. 800 ఇంజన్‌తోనే ఫార్ములా మారుతీ రేసు కార్లు పరుగెత్తిన దేశం మనది. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటుతో నడిచే ‘ఫార్ములా-ఈ’ రేసు కార్లు పరుగెత్తాయి. వాటికి కామ్ అనేదే ఉండదు. పెట్రోలు ఇంజన్లు ఇంకా షెడ్లకు వస్తున్నప్పుడే ఈ విద్యను కుర్రాళ్లు చేత్తో నేర్చుకోవాలని నా కోరిక.

కామ్ వేశాక మొదటి స్టార్ట్ కీలకం. ముక్కులకు అసెంబ్లీ గ్రీజు దట్టంగా రాసి, స్టార్ట్ అయిన వెంటనే 2000 ఆర్‌పీఎంకు పైన 20 నిమిషాలు ఉంచాలి, ఐడ్లింగ్‌లో వదలకూడదు. తక్కువ వేగంలో కామ్ మీదికి ఆయిల్ సరిగా చిమ్మదు. ఆ తర్వాత ఆయిల్ దించి, ఫిల్టర్ కోసి ఇనుప రజను ఉందేమో చూడాలి. ఇంజన్ పూర్తిగా చల్లారాక ఫీలర్ గేజ్‌తో టాపెట్లు మళ్లీ సెట్ చేయాలి.